రేవు చివరి బల్ల

ఆ రేవులో చివరి బల్ల మీద పొద్దు వాలాక ఎవరూ కూర్చోరు.

బల్ల మంచిదే. రాతి బల్ల, వీపు ఆనించుకోవడానికి వీలుగా ఉంటుంది. ఎదురుగా సముద్రం, పక్కన ఒక దీపస్తంభం. పగలంతా దాని మీద జనమే — ఫొటోలు దిగేవాళ్ళు, చెప్పులో రాయి దులుపుకునేవాళ్ళు, ఊరికే నీళ్ళకేసి చూసేవాళ్ళు. సూర్యుడు దిగిపోతుంటే మాత్రం ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోతారు. ఎవరూ ఎవరికీ చెప్పరు. లేచిపోతారంతే.

ఎందుకంటే... చీకటి పడ్డాక అక్కడ కూర్చున్నవాళ్ళని ఎవరో అడుగుతారట. ఒకే ఒక్క మాట.

"సీటుందా?"

ఉందని మాత్రం అనకూడదు.

ఇది నేను చూసింది కాదు, విన్నది. చెప్పినావిడ కట్టుకథలల్లే మనిషి కాదు. ముప్ఫై ఏళ్ళు బస్సులో కండక్టరుగా చేసింది, తాగొచ్చినవాళ్ళనీ తగువులమారుల్నీ ఒంటిచేత్తో దింపేసిన మనిషి. అలాంటావిడ ఈ కథ చెప్పినంతసేపూ నా మొహం చూడలేదు. వీధి తలుపు వైపే చూస్తూ చెప్పింది.

ఆవిణ్ణి డిపోలో అందరూ కండక్టరమ్మ అనేవారు. ఉద్యోగం రిటైరయింది గానీ ఆ పేరు రిటైరవలేదు. భర్త పోయి చాలా కాలమైంది. ఒక్కగానొక్క కూతురు — భర్తతో, కూతురితో ఇంకో ఊళ్ళో ఉంటుంది.

కండక్టరమ్మకి జీవితంలో ఒకే ఒక్క మోజు మిగిలిపోయింది. కిటికీ పక్కన కూర్చుని ప్రయాణం చెయ్యాలి. నవ్వకండి. ముప్ఫై ఏళ్ళు ఊళ్ళూ ఊళ్ళూ తిరిగిందే గానీ, తిరిగినంత కాలం నిలబడే తిరిగింది. "లోకంలో అందరికీ కిటికీ సీట్లు చూపించాను, నేను మాత్రం కమ్మీ పట్టుకుని వేళ్ళాడాను" అనేది. అందుకని రిటైరయ్యాక ఏకంగా ఓడలో విహారయాత్ర పెట్టుకుంది. కిటికీ ఉన్న గది. తనొక్కతే.

కూతురికి తెలిసి పరుగెత్తుకొచ్చింది.

"ఒక్కదానివే ఓడేంటమ్మా? మా దగ్గరికి వచ్చి ఉండమంటే ఉండవు. నడిసముద్రంలో మాత్రం ఉంటావు."

"మీ ఇంట్లో నాకు చోటెక్కడే? పోయినసారి నేనొస్తే అల్లుడు హాల్లో చాప మీద పడుకున్నాడు."

"పడుకుంటే ఏమయింది? చోటు లేదని నేనన్నానా?"

"అనక్కర్లేదు. ముప్ఫై ఏళ్ళు బస్సులో ఉన్నాను. సీటు లేనప్పుడు మొహాలెలా ఉంటాయో నాకు నువ్వు చెప్పాలా?"

అనేశాక ఆవిడకే చివుక్కుమంది. కానీ అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు ఆవిడకి పుట్టినప్పటినుంచీ లేదు. కూతురు కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. అంతకుముందు రోజూ రాత్రి తల్లీకూతుళ్ళు ఫోన్‌లో మాట్లాడుకునేవాళ్ళు. మాటలయ్యాక ఈవిడ "సరే, రైట్ రైట్!" అనేది, అప్పుడే పెట్టెయ్యడం. అవతల మనవరాలు కూడా ఫోన్ లాక్కుని "రైట్ రైట్!" అని అరిచి కిలకిలా నవ్వేది. పోట్లాట తర్వాత అదీ లేదు. ఓడెక్కగానే ఫోన్ ఆపేసి సంచీ అడుగున పడేసింది.

ఓడంటే ఓడ కాదది, నీళ్ళ మీద వీధి. పొడుగాటి నడవలు, రెండు పక్కలా ఒకేలాంటి తలుపులు, అడుగుల చప్పుడు వినపడనివ్వని తివాచీ. లిఫ్టులో ఎక్కితే ఈవిడ చెయ్యి దానంతటదే పైకి లేచి కమ్మీ కోసం వెతికేది. గదిలో కిటికీ గుండ్రంగా, పళ్ళెమంత ఉంది. పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. ఎదురుగా నీళ్ళు, నీళ్ళు, నీళ్ళు... మొదటిరోజు పరమానందంగా ఉంది.

గదిలో మంచాలు రెండు. గదులు సర్దే ఆవిడ రోజూ రెండింటికీ దుప్పట్లు మార్చి, రెండు దిండ్లు దులిపి పెట్టేది.

"నేనొక్కదాన్నేనమ్మా, రెండోది ఎందుకు పరుస్తారు?"

"ఖాళీ మంచమైనా పరవకుండా వదలకూడదండీ. మా పద్ధతి" అందావిడ.

భోజనాల దగ్గరా అంతే. ఇద్దరి బల్ల ఇచ్చారు. వడ్డించేవాడు రోజూ వినయంగా వంగి "ఇంకొకరు వస్తారా అండీ?" అని అడిగేవాడు. ఈవిడ "లేదు, ఒక్కదాన్నే" అనేది. మొదటిరోజు గర్వంగా అంది. రెండోరోజు మామూలుగా అంది. తర్వాత్తర్వాత ఆ మాట అనడానికి గొంతు సవరించుకోవాల్సి వచ్చింది. పొద్దున్నించి రాత్రిదాకా తను నోరు విప్పి మాట్లాడినది ఆ రెండు ముక్కలేనని ఆవిడకి తెలిసొచ్చింది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్నట్టు, బస్సు దిగినవాళ్ళెవరికీ కండక్టరు గుర్తుండదు. అది ఆవిడకి పాత సంగతే. కానీ ఇక్కడ ఎక్కినవాళ్ళకి కూడా తను కనపడ్డం లేదు. ఆవిడకి దిగులేసింది. ఆ సంగతి నాకు దాచకుండానే చెప్పింది.

అలా ఉండగా ఓడ ఆ రేవుకి చేరింది.

రేవు లోతు లేనిది, పెద్ద ఓడ దగ్గరికి రాలేదు. దూరంగా ఆగింది. అక్కణ్ణించి చిన్న మోటారు పడవల్లో జనాన్ని ఒడ్డుకు చేరవేస్తారు. చూసినవాళ్ళు సాయంత్రం మళ్ళీ పడవెక్కి రావాలి.

బయల్దేరుతుంటే గదులు సర్దే ఆవిడ తలుపు దగ్గర ఆపింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"అమ్మా... రేవు చివర రాతి బల్ల ఒకటుంటుంది. చీకటి పడ్డాక దాని మీద కూర్చోకండి. ముఖ్యంగా మీరు."

"ముఖ్యంగా నేనేంటి?"

"ఒక్కరే వచ్చారు కదా..."

అప్పుడు చెప్పింది. చాలా ఏళ్ళ కిందట ఒకావిడ ఇలాగే ఒంటరిగా ఓడలో వచ్చిందట. సాయంత్రం ఆ బల్ల మీద కూర్చుని కునుకు తీసింది. ఆఖరి పడవవాడు "అందరూ వచ్చారా?" అని అడిగాడు. ఎవరి మనుషుల్ని వాళ్ళు చూసుకున్నారు. "వచ్చాం, వచ్చాం" అన్నారు. పడవ కదిలాక ఆవిడ లేచి పరుగెత్తింది — "సీటుందా? సీటుందా?" అని అరుస్తూ. మోటారు మోతలో ఎవరికీ వినపడలేదు. పరుగెత్తి పరుగెత్తి... రేవు అయిపోయింది, ఆవిడ పరుగు ఆగలేదు.

"వెతకలేదా ఎవరూ?"

"ఎవరైనా అడిగితే కదమ్మా వెతికేది. ఓడలో అడిగేవాళ్ళు లేరు, ఇంటి దగ్గరా అడిగేవాళ్ళు లేరట. అందుకే... అడిగేవాళ్ళు లేని మనిషి కనపడితే వదలదంటారు. వాళ్ళ చోటు పుచ్చుకుంటుందట."

కండక్టరమ్మ నవ్వేసింది. "నేనెక్కిన బస్సుల్లో ఎన్ని దెయ్యాలెక్కాయో! ఒక్కటీ టికెట్టు లేకుండా దిగలేదు" అంది. అని వెళ్ళిపోయింది. ఆ మాట చెవిన పెట్టి ఉంటే ఈ కథే లేదు.

పగలంతా ఊరు తిరిగింది. సాయంత్రానికి మోకాళ్ళు మొరాయించాయి. ఆఖరి పడవకి ఇంకా వేళ ఉంది. రేవులో బల్లలన్నీ నిండి ఉన్నాయి — మొగుడూ పెళ్ళాలు, పిల్లలూ, నవ్వులూ. ఎవరూ జరగలేదు. చివరి బల్ల ఒక్కటే ఖాళీ.

నిలబడింది. ఇంకాస్సేపు నిలబడింది. ముప్ఫై ఏళ్ళు నిలబడింది చాలదా అని వెళ్ళి కూర్చుంది.

రాయి చల్లగా ఉంది. గాలి హాయిగా ఉంది. సూర్యుడు దిగిపోయాడు. పక్కన దీపం వెలిగింది... కాస్త మినుకుమంది... ఆరిపోయింది. ఈవిడ అప్పటికే తల వాల్చేసింది.

కండక్టర్ల నిద్ర గురించి మీకు తెలుసో లేదో. కళ్ళు పడుకుంటాయి గానీ చెవులు డ్యూటీలోనే ఉంటాయి.

"సీటుందా?"

ఆడగొంతు. ఆయాసపడుతున్న గొంతు. చెవి పక్కనే.

అలవాట్లో పొరపాటు అంటారే — అదే జరిగింది. కళ్ళు తెరవకుండానే ఈవిడ నోరు దాని పని అది చేసేసింది.

"ఉంది, ఉంది, ఎక్కండి! ముందుకు జరగండి!"

తన కేక తనకే వినపడి ఉలిక్కిపడి లేచింది.

ఎవరూ లేరు.

రేవు ఆ చివర జనం పడవెక్కుతున్నారు. సముద్రం చదునుగా ఉంది, అల లేదు, తుంపర లేదు. కానీ బల్ల మీద... ఈవిడ పక్కన... ఒక మనిషి కూర్చున్నంత మేర రాయి తడిసి ఉంది.

ఆవిడ వెనక్కి చూడకుండా నడిచింది. నడిచిందని ఆవిడ అంటుంది. నా ఉద్దేశంలో పరుగెత్తింది.

పడవ సగం నిండి ఉంది. పడవవాడు ముసలాయన. లాంతరు ఎత్తి చూస్తూ "వచ్చేటప్పుడు పన్నెండుమందిని తెచ్చాను. అందరూ వచ్చారా?" అన్నాడు.

ఎవరి మనుషుల్ని వాళ్ళు చూసుకున్నారు. "వచ్చాం, వచ్చాం" అన్నారు.

పొద్దున విన్న మాటలే ఇవి! "ఆగండి, ఆగండి. అలా కాదు" అని కండక్టరమ్మ లేచి నిలబడింది. వేలు చూపిస్తూ వరసగా లెక్కపెట్టింది. కొత్త దంపతులిద్దరు. తాతగారూ మామ్మగారూ. ఇద్దరు పిల్లలతో ఒక జంట. స్నేహితురాళ్ళిద్దరు. మెడలో కెమెరా వేసుకున్నాయన. చివర, చీకట్లో, తల మీంచి శాలువా కప్పుకుని నీళ్ళవైపు తిరిగి కూర్చున్న ఒకావిడ.

"పన్నెండు! సరిపోయింది. రైట్ రైట్!"

పడవంతా ఘొల్లుమంది. "బస్సు బాగుందండీ" అన్నారు తాతగారు. ఓడెక్కాక ఆవిడతో ఒకరు నవ్వడం అదే మొదలు. ఆ సంతోషంలో బల్ల సంగతి మర్చిపోయింది. పడవవాడు మాత్రం మోటారు తిప్పుతూ "ఇవాళేంటి, పడవ ఇంత కిందికి దిగింది..." అని గొణుక్కున్నాడు.

గదికి రాగానే ఫోన్ తీసింది. నలుగురితో నవ్విన మనిషికి కూతురు గుర్తుకురాదా మరి! తనే ముందు మాట్లాడదామనుకుంది. ఫోన్ ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంది. రెండు మంచాల మధ్య బల్ల మీద ఛార్జింగుకు పెట్టి భోజనానికి వెళ్ళింది.

వడ్డించేవాడు ఆ రాత్రి "ఇంకొకరు వస్తారా?" అని అడగలేదు. రెండు కంచాలు పెట్టి వెళ్ళిపోయాడు. అడిగి అడిగి విసుగొచ్చి ఉంటుందిలే అనుకుంది.

తిరిగి వచ్చేసరికి ఫోన్ తడిగా ఉంది.

తువ్వాలుతో తుడిచింది. రెండో మంచం మీద దుప్పటి కాస్త నలిగి ఉంది. సర్దే ఆవిడ కూర్చుని ఉంటుంది, నీళ్ళు ఆవిడే ఒలకబోసి ఉంటుంది... అనుకుని దీపం ఆర్పేసింది.

నిద్ర రాలేదు. నిద్ర రాకపోతే ఆవిడకో అలవాటుంది — ఆ రోజు చివరి ట్రిప్పులో ఎక్కినవాళ్ళ మొహాలు వరసగా తలుచుకోవడం. అలాగే తలుచుకుంది. కొత్త దంపతులు... తాతగారూ మామ్మగారూ... పిల్లలూ, వాళ్ళ అమ్మానాన్నలూ... స్నేహితురాళ్ళు... కెమెరా ఆయన... శాలువా ఆవిడ. పన్నెండు. సరిపోయింది.

సరిపోయింది...

ఉన్నట్టుండి ఆవిడ వేళ్ళు మడిచి మళ్ళీ మొదటినించి లెక్కపెట్టింది.

కండక్టరు తనని తాను లెక్కపెట్టుకోదు. ఏ బస్సులోనూ, ఏ రోజూ లెక్కపెట్టుకోలేదు. టికెట్టు తెగేది ప్రయాణికులకే. కానీ పొద్దున పడవవాడు చెప్పిన పన్నెండులో తనూ ఉంది కదా!

మరి... శాలువా ఆవిడ ఎవరు?

పొద్దున పడవలో శాలువా ఎవరి మీదా లేదు.

అప్పుడు రెండో మంచం కిర్రుమంది.

గదిలో ఉప్పునీళ్ళ వాసన. నేల మీద ఎక్కడో చినుకు పడ్డట్టు — టప్... టప్... కండక్టరమ్మ గోడవైపు తిరిగి, ఊపిరి బిగబట్టి పడుకుంది.

"నువ్వు రాకపోతే..." వీపు వెనక నించి గుసగుస. "ఎవరైనా... అడుగుతారా?"

అడుగుతారు అని అరవాలనుంది. నోరు పెగల్లేదు. భయం ఒక్కటే కాదు కారణం. నిజంగా ఎవరైనా అడుగుతారో లేదో ఆవిడకే తెలియదు. కూతురితో అన్న మాట గుర్తొచ్చింది. చోటెక్కడే అంది తను. ఆ పిల్ల మాత్రం ఎందుకడుగుతుంది? కళ్ళలోంచి నీళ్ళు దిండులోకి జారుతున్నాయి.

"అడగరు కదూ..." ఈసారి ఆ గొంతు ఇంకా దగ్గరికొచ్చింది. మెడ మీద చల్లటి తడి...

ఫోన్ మోగింది.

ఎలా లేచిందో ఆవిడకే తెలియదు. చీకట్లో తడిమి ఫోన్ అందుకుని చెవికి ఆనించుకుంది.

"అమ్మా!"

కూతురే! పోయిన ప్రాణం తిరిగొచ్చింది. "నా తల్లే, నా బంగారమే" అంటూ ఏడ్చేసింది. చేత్తో తడిమి దీపం వేసింది. రెండో మంచం మీద మనిషి లేదు. దుప్పటి మాత్రం గుంట పడి, నీళ్ళోడుతోంది.

"ఏంటమ్మా ఏడుస్తున్నావ్? నిద్ర లేపేశానా? మళ్ళీ చేశానని తిట్టకు."

"తిట్టనే తల్లీ, తిట్టను. ఎన్నిసార్లయినా చెయ్యి... మళ్ళీ ఏంటి?"

"ఇందాక మాట్లాడాను కదా, నువ్వే ఎత్తావు. గొంతేంటి అలా ఉంది, తడిశావా అంటే పలకలేదు. చివర్లో 'రైట్' కూడా అనకుండా పెట్టేశావు. అప్పట్నించీ నాకు నిద్ర లేదు. చంటిదీ పడుకోలేదు, అమ్మమ్మ రైట్ చెప్పలేదని ఒకటే గోల."

తుడిచిన ఫోనే... చేతిలో మళ్ళీ తడి తడిగా తగులుతోంది.

"నేను... నేనేమన్నానే?"

"అంత మాటా అనేసి మర్చిపోయావా? నాకైతే ఏడుపాగలేదు. ఇన్నాళ్ళకి అడిగావు కదమ్మా నోరు తెరిచి..." అవతల కూతురు ముక్కు ఎగబీల్చింది. "మీ ఇంట్లో సీటుందా, అన్నావు."

ఓడ మెల్లగా ఒక పక్కకి ఒరిగింది. గుండ్రటి కిటికీ అవతల చీకటి.

"నువ్వు... నువ్వేమన్నావ్?"

"ఏమంటానమ్మా! ఉంది, నీకెప్పుడూ ఉంటుంది, వచ్చెయ్ అన్నాను."

కండక్టరమ్మ రెండో మంచం వైపు చూసింది. దుప్పటి మీద గుంట... మెల్లగా... పైకి లేస్తోంది. మంచం దగ్గర్నించి తలుపుదాకా తివాచీ మీద తడి పాదాల గుర్తులు. గదిలో ఉప్పునీళ్ళ వాసన లేదు. ఏమీ లేదు. ఆ గదిలో ఇప్పుడు నిజంగానే ఆవిడ ఒక్కతే ఉంది.

ఫోన్‌లో ఎక్కడో దూరంగా కాలింగ్ బెల్ మోగింది.

"ఇంత రాత్రప్పుడు ఎవరబ్బా... ఉండమ్మా, లైన్లో ఉండు."

"తలుపు తియ్యకే! ఒసేయ్, తియ్యొద్దు! నేనిక్కడే ఉన్నానే!"

ఫోన్ అక్కడ బల్ల మీద పెట్టేసిన చప్పుడు. అరిచింది. గొంతు చించుకుని అరిచింది. కూతురి చెప్పుల చప్పుడు దూరమవుతోంది. దానికంటే ముందు చిన్నచిన్న పాదాలు తలుపుకేసి పరుగెత్తుతున్నాయి. గడియ తీసిన చప్పుడు.

తర్వాత మనవరాలి కేక, సంతోషంగా —

"అమ్మా! అమ్మమ్మొచ్చింది! అయ్యో... ఒళ్ళంతా తడిసిపోయిందమ్మా!"